ఖదీజా వాకబు చెయ్యని మనిషి

శాలిబండలో పెళ్ళీడు పిల్లలున్న ఏ ఇంటికైనా ఖదీజా తెలుసు. సంబంధాలు కుదిర్చే ముషాతా ఆమె. చంకలో సంచీ, నోట్లో పాన్, ఎవరింట్లోనైనా వంటింటి దాకా వెళ్ళిపోయే చనువు. ఫొటో చూసి మురిసిపోయే రకం కాదు. పిల్లవాడి గల్లీకి వెళ్ళి, పాల దుకాణంవాణ్ణీ ఇస్త్రీవాణ్ణీ పక్కింటి ముసలమ్మనూ కదిపి, పుట్టుపూర్వోత్తరాలు కూపీ లాగితే గానీ ఆడపిల్ల ఇంటి గడప తొక్కేది కాదు. దుబాయ్‌లో మేనేజరని చెప్పుకున్నవాడు అక్కడ కార్లు కడుగుతున్నాడని శాలిబండలో కూర్చునే కనిపెట్టింది. అంతటి మనిషి ఒక్కడి విషయంలో మాత్రం వాకబు మానేసింది. ఎందుకంటే అతను మంచివాడని చెప్పింది రాధ.

రాధ వాళ్ళు కోస్తా నుంచి వచ్చి రెండిళ్ళ అవతల స్థిరపడ్డారు. భర్త వీరరాఘవరావుకు కంచన్‌బాగ్‌లో ఉద్యోగం. కర్ఫ్యూ రోజుల్లో ఆ ఇంటి పాలు ఈ ఇంటికీ, ఈ ఇంటి రొట్టెలు ఆ ఇంటికీ దాటేవి. ఖదీజా కూతురికి నొప్పులొచ్చినప్పుడు ఆస్పత్రికి వెంట వెళ్ళి, రాత్రంతా బెంచీ మీద కూర్చున్నది రాధే. అప్పుడు పుట్టిన పిల్ల మాహిరా.

మాహిరాకు తొమ్మిదేళ్ళొచ్చిన ఏడాది, అంటే రెండువేల మూడులో, వానలు మొదలయ్యాక రాధ తన మేడ మీది గదిలో గల్లీ పిల్లలకు సాయంత్రం బడి పెట్టింది. ఫీజు లేదు. లెక్కలు చెప్పడానికి పురుషోత్తం అనే ఆయన వచ్చాడు. రాధకు పెద్దమ్మ కొడుకు. ఇదివరకు సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పనిచేశానని తానే చెప్పుకునేవాడు. ఎందుకు మానేశాడో అడగాలని ఖదీజాకు నోటిదాకా వచ్చింది. పైసా తీసుకోకుండా చదువు చెప్పేవాణ్ణి ఆరా తీస్తే బాగుంటుందా అని మొహమాటపడింది. ఆ మొహమాటం రాధ కనిపెట్టింది.

"నాది పూచీ, ఆపా. మనింటి మనిషి," అంది.

ఇంకేముంది, ఖదీజా ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని తల్లులకు చెప్పింది. ఖదీజా చూసిన మనిషంటే మనం చూడాల్సిందేముంటుందని వాళ్ళూ పంపారు.

దసరా సెలవులు అయిపోయాక మాహిరా రోజూ సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. ఎక్కాలు రాక వేషాలేస్తోందని ఖదీజా కసిరింది కూడా. ఒకనాడు జడ వేస్తుంటే పిల్ల తల తిప్పకుండానే చెప్పింది. సార్ అందరినీ పంపేసి తనను ఉండమన్నాడట. గడియ పెట్టి ఒళ్ళో కూర్చోమన్నాడట. తాను గట్టిగా ఏడిస్తే తలుపు తీశాడట. ఇంట్లో చెబితే నానీ తిడుతుందన్నాడట.

మర్నాడు పొద్దున్నే ఖదీజా సరూర్‌నగర్ బస్సెక్కింది. ఆ బడి గేటు దగ్గర ఓదెలు అనే వాచ్‌మన్ ఉన్నాడు. పురుషోత్తం పేరెత్తగానే అతని మొహం మాడిపోయింది. ఒక ఆడపిల్ల తల్లిదండ్రులు వచ్చి లొల్లి చేశారనీ, బడి పరువు పోతుందని యజమానులు అతన్ని చప్పుడు చెయ్యకుండా పంపేశారనీ చెప్పాడు. ఆఖరున ఇంకో మాట అన్నాడు.

"ఎండాకాలంల ఆయన చెల్లె వచ్చి అడిగింది. ఆమెకు గూడ గిదే చెప్పిన."

ఖదీజాకు బస్సు ఎలా ఎక్కిందో, ఎక్కడ దిగిందో తెలియలేదు. పురుషోత్తం మీద కోపం ఎలాగూ ఉంది. అతను పరాయివాడు. రాధ పరాయిది కాదు. ఆ కడుపుమంట వేరు.

రాధ వాకిట్లో బట్టలారేస్తోంది. ఖదీజా చెప్పిందంతా విని అక్కడే చతికిలబడి ఏడ్చింది. పెద్దమ్మ కాళ్ళావేళ్ళా పడిందట. ఇంకెప్పుడూ అలా జరగదని అతను తల్లి మీద ఒట్టేశాడట. పిల్లల మధ్య ఉంటే మళ్ళీ మనిషవుతాడని తాను నమ్మిందట. ఖదీజా అన్నీ విని ఒక్కటే అడిగింది.

"మీ రాగసుధను ఎన్నడన్న పైకి పంపినవా?"

రాగసుధ రాధ కూతురు, మాహిరా ఈడుది.

"లేదు ఆపా. ఆయనొచ్చినప్పుడు కింద గదిలోనే ఉండమనేదాన్ని."

ఖదీజా ఇక ఆమె మొహం చూడలేదు. కన్నకూతుర్ని కింద దాచుకుని నా పిల్లను పైకెక్కించిందా అనుకుంది. ఏడవడానికి తీరిక లేదు. సాయంత్రమైతే పిల్లలు మళ్ళీ ఆ మెట్లెక్కుతారు. కూతుర్నీ అల్లుణ్ణీ మాహిరాతో పోలీస్ స్టేషన్‌కు పంపి, తాను గల్లీ పట్టింది. సంబంధం చెడినా ఎవరి లోపమూ బయటపెట్టకుండా జోడీ కుదరలేదని సరిపెట్టడం ముషాతాల పద్ధతి. ఇవాళ ఆమె పురుషోత్తం పేరూ, అతను చేసిన పనీ విప్పి చెప్పదలుచుకుంది.

మొదటి ఇల్లు గుండయ్యది. అతని భార్య విమలాదేవి బియ్యం చేట పక్కన పెట్టి మొత్తం వింది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ పై గదికి వెళ్ళేవాళ్ళే. ఆమె రాధను ఒక్క మాట అనలేదు. పురుషోత్తాన్నీ అనలేదు. ఖదీజా కళ్ళలోకే చూసింది.

"నువ్వు చూసినవు గద అని పంపిన, ఖదీజమ్మా," అంది.