టోర్కెల్ మూడో కొలత

టోర్కెల్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. దేన్నయినా మూడుసార్లు కొలిస్తే తప్ప నమ్మడు. మొదటి కొలత తొందరది, రెండోది అనుమానానిది, మూడోదే నిజమంటాడు. మూడూ కలవకపోతే మళ్ళీ మొదటికొస్తాడు. సిల్యాన్ సరస్సు ఒడ్డున ఉన్న అతని కార్ల రిపేరు షెడ్డుకి కారు తోలుకెళ్ళినవాళ్ళు, కారు సంగతి దేవుడెరుగు, ముందు తమ ఓపిక ఎంత పొడుగో తెలుసుకుని బయటపడతారు.

ఒకసారి బేకరీలో దాల్చినచెక్క బన్ను చేతికిస్తే, జేబులోంచి టేపు తీసి కొలిచి, "పోయిన వారం ఇంతకన్నా సెంటీమీటరు ఎక్కువుంది" అని తిరిగిచ్చేశాడు. సొంత పెళ్ళిలో పెళ్ళికూతురి వేలు కొలిచాకే ఉంగరం తొడిగాడని కూడా ఊళ్ళో చెప్పుకుంటారు. అదంతా ఒట్టి పుకారని అతని భార్య మైలిస్ కొట్టిపారేస్తుంది. ఆయన కొలిచింది ఉంగరాన్నట.

అలాంటివాడి చేతిలో సీవెర్ట్ తన కారు పెట్టాడు. అరవైనాలుగు నాటి షెవర్లే, పడవంత ఉంటుంది. ఏటా వేసవిలో ఒక శనివారం ఆ ఊరి పాత అమెరికన్ కార్లన్నీ సరస్సు రోడ్డు మీద నత్తనడకన ఊరేగుతాయి. ఎవరి కారు నేలకి ఎంత దగ్గరగా వాలితే వాళ్ళు అంత గొప్ప. సీవెర్ట్ రెండేళ్ళ కిందట తన కారు స్ప్రింగులు తనే రంపంతో కోసి మరీ కిందికి దించాడు. అయినా పోయినేడు, ఏటా అతనితో పోటీపడే హోల్గెర్ తన కారు చక్రాల మీది తిత్తుల్లో గాలి వదిలేసరికి దాని కింద అగ్గిపెట్టె కూడా పట్టలేదు. సీవెర్ట్ కారు కిందనుంచి ఒక పిల్లి కాస్త తల వంచుకుని అటు నుంచి ఇటు వెళ్ళిపోయింది. అందరూ చూశారు.

అందుకే ఈసారి స్ప్రింగులే పీకించి, వాటి చోట రబ్బరు గాలితిత్తులు బిగించమన్నాడు. మీట నొక్కితే గాలి నిండి కారు లేస్తుంది, గాలి వదిలితే నేలకి వాలుతుంది. సోమవారం కారు అప్పగించాడు. గురువారం వచ్చి చూస్తే టోర్కెల్ ఇంకా చక్రం పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఏరా, ఇంకా కొలుస్తూనే ఉన్నావా? ఎల్లుండే ఊరేగింపు!"

"నేల మట్టంగా ఉందో లేదో చూశాను. లేదు. చెక్కలు పెట్టి సరిచేశాను. చక్రం నడిమధ్య నుంచి పైనున్న రేకు అంచు దాకా ఎంతుందో చూడాలి కదా. గాలితిత్తి ఉబ్బినప్పుడు దేనికైనా రాసుకుందంటే హోల్గెర్ ముందే పేలుతుంది. పేలమంటావా?"

"వద్దులే. కొలుచుకో."

"సరే, పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"కాఫీ ఫ్లాస్కు."

"మనుషుల్లో?"

"ఎవరూ లేరు. తుంటి ఆపరేషను అయినప్పట్నుంచీ గున్నెల్ రావట్లేదు. కార్లంటే విసుగొచ్చిందట."

మాట తేలిగ్గానే అన్నాడు కానీ, ముప్ఫై ఏళ్ళు ప్రతి ఊరేగింపులోనూ పక్కన కూర్చున్న భార్య లేకుండా రెండేళ్ళుగా ఒంటరిగా తిరగడం సీవెర్ట్‌కి ఏమీ బాగాలేదు. పిల్లి సంగతి కన్నా ఆ ఖాళీ సీటే ఎక్కువ బాధపెట్టేది. ఆ మాట పైకి చెప్పుకోవడం అతనికి చేతకాదు.

"రేపు వదినని తీసుకురా. రెండువైపులా బరువు లేకపోతే నా లెక్క కుదరదు" అన్నాడు టోర్కెల్.

"ఆవిడ బరువుకి సరిపడా బంగాళాదుంపల బస్తా పెట్టుకోరాదూ!"

"బస్తా కూర్చునే తీరు వేరు, మనిషి కూర్చునే తీరు వేరు. ఆవిడ రాకపోతే కారూ రాదు."

శుక్రవారం గున్నెల్ సణుక్కుంటూ వచ్చింది. సీట్లోకి దిగడమైతే ఎలాగో దిగింది. లేవడానికి చెరో చెయ్యీ పట్టుకుని ఇద్దరూ లాగాల్సి వచ్చింది. ఆవిడ ఊపిరి తీసుకునేలోపే టోర్కెల్ మడమ దగ్గర టేపు ఆనించి మోకాలి దాకా కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"ఏవయ్యా, పెట్టె చేయించడానికా ఈ కొలతలు? నేనింకా బతికే ఉన్నాను."

"కదలకు వదినా. ఇంకొక్కసారి."

"మోకాలికీ గాలితిత్తికీ ఏం సంబంధంరా?" అని సీవెర్ట్ గింజుకున్నాడు. టోర్కెల్ మూడో కొలత రాసుకున్నాడు.

శనివారం పొద్దున గున్నెల్ కూడా షెడ్డుకి వచ్చింది, సాగనంపడానికట. స్టీరింగు పక్కన మూడు మీటలున్నాయి.

"మొదటిది హోల్గెర్ కోసం, నేలకి ఆనుతుంది. రెండోది రోడ్డు కోసం" అన్నాడు టోర్కెల్.

"మూడోది నేనడగలేదే?"

"అడగలేదు. నొక్కు."

సీవెర్ట్ నొక్కాడు. కారు బుస్సుమంటూ లేచింది. టోర్కెల్ పక్క తలుపు తీసి, "వదినా, ఒక్కసారి కూర్చో" అన్నాడు. సీటు సరిగ్గా ఆవిడ మోకాలి ఎత్తుకి వచ్చింది. గున్నెల్ వంగకుండా కూర్చుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. నమ్మకం కుదరక మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది.

"గాలితిత్తుల కొలతలు మంగళవారమే అయిపోయాయి. నీ తుంటి సంగతి తెలిసే, మిగతా రోజులన్నీ నిన్నిక్కడికి రప్పించడానికి" అంది గున్నెల్‌తో, షెడ్డు గుమ్మంలో నిలబడ్డ మైలిస్, నవ్వుతూ. టోర్కెల్ హడావిడిగా టేపు తీసి తలుపు కొలవడం మొదలుపెట్టాడు.

సీవెర్ట్ భార్యకేసి చూశాడు. "విసుగొచ్చిందన్నావు?"

"మరేమనను? అంత మురిసిపోతూ నువ్వే కోశావు ఆ స్ప్రింగుల్ని. అంత కిందికి దిగిన సీట్లోంచి లేవలేకపోతున్నానంటే బాధపడతావని."

"రంపం పారేస్తానే" అన్నాడు సీవెర్ట్.

ఊరేగింపులో హోల్గెర్ కారు అప్పుడే నేలకి వాలి ఉంది. సీవెర్ట్ చెయ్యి మొదటి మీట మీదికి వెళ్ళింది.

"దించకు. ఇక్కణ్ణుంచి సరస్సంతా కనబడుతోంది" అంది పక్క సీట్లోంచి గున్నెల్.

ఈ నత్తనడకకైతే పైకెత్తి తోలినా ఫరవాలేదని టోర్కెల్ ముందే చెప్పాడు. సీవెర్ట్ చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"ఏంటి సీవెర్ట్, లారీ కొన్నావా?" అని హోల్గెర్ కింద నుంచి అరిచాడు.

"అవును" అన్నాడు సీవెర్ట్. ఆ ఏడు ఊరేగింపులోకెల్లా ఎత్తయిన కారు నడుపుకుంటూ, దర్జాగా, సరస్సు వెంబడి వెళ్ళాడు.