మధ్య గడిలో టిక్కు

"ఒకే చేతి టిక్కులివి. చూడు తాతా, అన్నీ ఒకే గడిలో పడ్డాయి. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని వాడే కొట్టుంటాడు."

"ఊరుకోమ్మా. సొంత అక్క కొడుకు మీద అంత మాటా?"

"అక్క కొడుకు కాబట్టే తెలుసు. కాలేజీకని చెప్పి సినిమా హాళ్ళు తిరిగినవాడు, నాలుగు కాగితాల మీద అబద్ధం ఆడడా?"

బీరువాల వెనక పాత పత్రికలు కట్టలు కడుతున్న ఆ అక్క కొడుకు చేతిలో పురికొస అలాగే ఆగిపోయింది. అవతల మాట్లాడుతున్నది లైబ్రేరియన్‌గా ఉన్న అతని పిన్ని, అక్కడ ఏళ్ళ తరబడి చినిగిన పుస్తకాలు కుడుతున్న బైండరు తాత.

కాలేజీ మానేసిన మాట నిజమే. ఈ టిక్కులు మాత్రం అతను పెట్టలేదు. కానీ పిన్నికి వచ్చిన అనుమానం పోగొట్టడం కంటే రాతి నుంచి నార తీయడం తేలిక. తనకు ఇక్కడ పని ఇప్పించింది కూడా జాలితో కాదు, కళ్ళెదుట ఉంచుకుని కనిపెట్టడానికేనని అతని అనుమానం. ఆ విషయంలో ఇద్దరిదీ ఒకే రక్తం.

పాఠకులు ఆమెకు చాటుగా పెట్టుకున్న పేరు చెక్‌పోస్టు. తిరిగొచ్చిన పుస్తకాన్ని ముందు వాసన చూసేది, వంటింట్లో చదివారేమోనని. తర్వాత పేజీలు గబగబా తిప్పి, ఎక్కడైనా మడత కనిపిస్తే కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసేది. ఆ చూపు తగిలినవాడు తాను చింపని పేజీకి కూడా సంజాయిషీ చెప్పుకునేవాడు. ఇంట్లోనూ అంతే. బాబాయి పాలు పొంగబెట్టి గప్‌చుప్‌గా తుడిచేస్తే, "ఇవాళ స్టవ్ ఇంత శుభ్రంగా ఉందేం?" అని అడిగే మనిషి. అయితే వానకు లైబ్రరీ కప్పు కారితే, తన గొడుగు తెరిచి బీరువా మీద పెట్టి, తాను తడుస్తూ ఇంటికి నడిచి వెళ్ళిందీ ఆమే.

ఇప్పుడు ఆ లైబ్రరీలో సాయంత్రం పూట చదువుకునే గదిని మూసేద్దామని పైఆఫీసు చూస్తోంది. కరెంటు దండగని వాళ్ళ వాదన. గది కావాలని పాఠకుల సర్వేలో తేలితే ఉంచుతారు, లేకపోతే తాళమే. సర్వే కాగితం పిన్నే తయారు చేసింది. "సాయంత్రపు గది ఎలా ఉంది?" అని ప్రశ్న. దాని కింద బాగుంది, పర్వాలేదు, బాగాలేదు అని మూడు గళ్ళు. కాగితాలు పంచి తెచ్చే పని అక్క కొడుక్కి అప్పజెప్పింది. తీరా చూస్తే ఊరంతా కూడబలుక్కున్నట్టు టిక్కులన్నీ మధ్య గడిలోనే ఉన్నాయి. ఆమె లెక్క చెబితే పైఆఫీసు క్లర్కు ఫోన్లో నవ్వాడు. "మూసేసినా మీవాళ్ళకి పర్వాలేదటగా, మేడం."

అతను పురికొస పారేసి బయటికొచ్చాడు.

"నేనే కొట్టుంటే అన్నీ బాగుందనే కొట్టేవాణ్ణి పిన్నీ. దొంగ టిక్కులు పెట్టేవాడు ఇంత తెలివితక్కువగా పెడతాడా?"

ఆమె తడుముకోలేదు. "నాకు అనుమానం రాకూడదని అలా పెట్టావేమో."

"అయితే నువ్వే ఎవర్నైనా అడుగు. నేను నోరు మూసుకుని ఇక్కడే నిలబడతా."

గడియారాలు బాగుచేసే ఆయన అప్పుడే లోపలికొచ్చాడు. రోజూ కొట్టు కట్టేసి తిన్నగా ఇక్కడికే వచ్చి, దీపాలు ఆర్పేదాకా కదలని మనిషి.

"ఏమండీ, సాయంత్రపు గది ఎలా ఉంది?" అని అడిగింది పిన్ని.

ఆయన ఆమెను చూసి, తాతను చూసి, చేతిసంచీ చంకలో ఇరికించుకున్నాడు. "పర్వాలేదమ్మా."

"మూసేద్దామంటున్నారు."

సంచీ జారి కింద పడింది. "మూసేయడమేంటమ్మా? ఇంటికెళ్తే టీవీ మోత. పగలంతా భూతద్దంలోంచి ఒంటికన్నుతో చూసేవాణ్ణి. రెండు కళ్ళూ తెరిచి కాసేపు చదువుకునే చోటు ఇదొక్కటే నాకు."

"మరి పర్వాలేదన్నారే?"

"ఇంకేమనమంటారు? బాగుందంటే చందా పెంచుతారేమో. బాగాలేదంటే, రేపు నా పుస్తకం వాసన చూసేది మీరేగా. పర్వాలేదంటే ఏ గొడవా ఉండదు."

"కాగితం మీద పేరు రాయమన్లేదుగా?"

"పేరెందుకమ్మా, నా వేలి నూనె మరక చాలదూ మీకు."

తాత నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నాడు. పిన్ని నవ్వలేదు. ఆయన వెళ్ళి తన మూల కుర్చీలో కూర్చున్నాక, ఒక కాగితం వెనక్కి తిప్పి, రాసి కొట్టేసి, మళ్ళీ రాసింది. చివరికి రెండు ప్రశ్నలు మిగిలాయి. నిన్న సాయంత్రం ఇక్కడ ఏం చదివారు? ఈ గది మూసేస్తే ఆ సమయంలో ఎక్కడుంటారు? టిక్కు పెట్టడానికి గళ్ళు లేవు.

"ఇలా అడిగితే చెప్తారంటావా?"

"చెప్తారు," అన్నాడతను, "అడిగేది నువ్వు కాకపోతే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పొరపాటు పడ్డానని ఆమె నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు, అప్పుడూ వినలేదు. కాగితం మాత్రం అతని ముందుకు తోసింది.

"అయితే నువ్వే అడుగు. నేను లోపలి గదిలో తలుపేసుకుని కూర్చుంటా. అయిపోయాక, కాగితంలో లేని మాట ఇంకోటి కనుక్కో. నేనంటే భయపడి ఇక్కడికి రావడం మానుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో. పేర్లు చెప్పకు. తెలిస్తే ఊరుకోను, నా సంగతి నాకు తెలుసు. ఉన్నారో లేదో చెప్పు చాలు. ఉంటే ఉన్నారనే చెప్పు, నా మొహం చూసి మాట మార్చకు."