వఫ్రాలో విరిగిన మజ్జిగ

మజ్జిగ పులుసు విరిగిపోతే మా రాయచోటి వైపు వండిన మనిషిని నాలుగు రోజులు ఎగతాళి చేస్తారు. గరిటె వదిలేసి ఎవరితో కబుర్లాడుతున్నావని అడుగుతారు. ఆ భయం నా ఒంట్లో ఉంది కాబట్టే వఫ్రాలో ఆ పని చేశాను. అందుకు నేను ఇవాళ్టికీ సిగ్గుపడను.

కువైట్‌లోని మిష్రిఫ్‌లో నేను ఇంటిపని చేసే విల్లా యజమానురాలిని మామా, అంటే అమ్మా, అని పిలుస్తాను. చలికాలం సెలవులకు వఫ్రాలో ఆమె తల్లి ఉండే పొలానికి అందరం వెళ్తాం. వఫ్రా అంటే టమాటా తోటలు, గొర్రెల దొడ్లు, వాటి చుట్టూ ఇసుక. అక్కడ ఆ ముసలమ్మ గొర్రెపాలతో యగత్ అనే చీజ్ చేస్తుంది. ఎండబెట్టిన పుల్లటి ఉండలు, మొదట పంటికి రాయిలా తగిలి తర్వాత మెల్లగా కరుగుతాయి. వాటి కోసం పట్నం నుంచి కార్లేసుకుని వస్తారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ముసలమ్మ మజ్జిగను పొయ్యి మీద పెట్టి, చూస్తూ ఉండమని సైగ చేసి నమాజుకు వెళ్ళింది. చెయ్యి ఆపకుండా కలిపాను. అయినా కాసేపటికి నీళ్ళు నీళ్ళుగా, పలుకులు పలుకులుగా విరిగిపోయింది. ఎవరూ చూడకముందే గిన్నె మోసుకెళ్ళి దొడ్డి వెనక ఇసుకలో కుమ్మరించాను.

డ్రైవర్ కోనసీమ అతను. పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"గిన్నె ఖాళీగా ఉందేంటక్కా? మామా అరిచేస్తన్నారు."

"మజ్జిగ ఇరిగిపాయ, పారబోస్తి. ఏమిప్పుడు, కొంపేమన్నా మునిగిందా?"

"అది విరగాలనే కదక్కా కాసేది!"

మామా తన అక్కచెల్లెళ్ళందరి ముందూ నన్ను నిలబెట్టింది. "దీనికి పాల సంగతేం తెలుసు? ఇక నువ్వు పొయ్యి దగ్గరికి రావద్దు. గిన్నెలు కడుగు, ఖలాస్," అంది.

నా ఒళ్ళు మండిపోయింది. తప్పు చేశాను, ఒప్పుకుంటాను. కానీ పాల సంగతి నాకు తెలియదా? మా ఇంట్లో మేకలు పితికి, కవ్వం తిప్పి పెరిగినదాన్ని. తిట్టినా పడేదాన్నేమో, చేతకానిదాన్నంటే మాత్రం పడలేను. మామాను కాదని ముసలమ్మ వైపు తిరిగి, నాకొచ్చిన అరబ్బీలో, "రేపు నేను చేస్తాను" అన్నాను. మామా కుదరదంది. నేను అక్కడి నుంచి కదల్లేదు. ముసలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెరుగు నింపిన తోలుతిత్తి తాడు నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. మూడు కర్రలకు వేలాడే ఆ తిత్తిని ముందుకూ వెనక్కూ ఊపాలి. భుజాలు పట్టేశాయి. వెన్న తీసి మజ్జిగ కాచాను. ఈసారి అది విరుగుతుంటే చేతులు కట్టుకుని నిలబడి చూశాను. విరుగు, ఇంకా విరుగు అనుకున్నాను. గుడ్డలో వడగట్టి, ఉప్పు కలిపి, పిడికిట్లో నొక్కి ఉండలు చేసి చాప మీద ఎండకు పరిచాను. ముసలమ్మ ఒక పచ్చి ఉండ నోట్లో వేసుకుని, ఇంకోటి తీసుకుంది. నాకు అది చాలు.

ఉండలు ఎండాక మిష్రిఫ్‌కు పంపారు. ఆ వారం మామా ఇంటికి చుట్టాలొచ్చారు. నేను చాయ్ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒకావిడ యగత్ కొరికి, ఎంత బాగుందో, ఎవరు చేశారని అడిగింది.

"మా అమ్మ చెయ్యి," అంది మామా.

పనిమనిషి నోరు మూసుకోవాల్సిన చోటు అది. ఆ సంగతి నాకు తెలుసు. పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"ఆనా సవ్వైత్," అన్నాను. నేను చేశాను అని.

మామా ముఖం ఎర్రబడింది. వంటింట్లోకి పొమ్మని వేలు చూపించింది.

వెళ్ళాను. చెప్పాల్సింది చెప్పాకే వెళ్ళాను.