నూతిలో పిల్ల, ఆఖరి వారం

వేలు నాలిక మీద తడి చేసుకుని పేజీ తిప్పే మనుషులంటే నాకు అసహ్యం. ఇవాళ్టిది కాదు, చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మా ఆఫీసులో అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. దోహా వెస్ట్ బేలో అద్దాల టవరు, ఇస్త్రీ చొక్కా, మెడలో టై. ఫైలు ముందు పెడితే మాత్రం చూపుడువేలు నోట్లోకి పోతుంది. నేను డాక్యుమెంట్ కంట్రోలర్ని కాబట్టి ఆయన తిప్పిన కాగితాలన్నీ చివరికి నా బల్ల మీదికే వస్తాయి. థూ! మూల పట్టుకుని లాగాలంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంత చాదస్తం ఎందుకయ్యా అంటే, నాది కాగితాల పిచ్చి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే బొమ్మల కథల పిచ్చి. ఇప్పుడందరూ కామిక్స్ అంటున్నారు, మా ఇంట్లో మాత్రం బొమ్మల కథలనే అనేవాళ్ళం. అల్ అజీజియాలో నేనుండే ఫ్లాటుకి ఎవరైనా వస్తే కూర్చోవడానికి సోఫా ఉండదు. గోడల నిండా అరలు, అరల నిండా పుస్తకాలు. మా ఆవిడ కాకినాడలో పిల్లల చదువులు చూసుకుంటూ ఉండబట్టి సరిపోయింది కానీ, ఇక్కడుంటే ఎప్పుడో వాటన్నిటినీ పాత పేపర్లవాడికి వేసేసేది.

ఈ పిచ్చి అంటించింది మా అక్క. గోదావరి పక్కన మా ఇంటికి ఒక వారపత్రిక వచ్చేది. పెద్దవాళ్ళకి సీరియళ్ళు, వంటలు, కుట్లు, వారఫలాలు. మాకు బొమ్మల కథ. దాన్ని ఎప్పుడూ సరిగ్గా నడిమి కాగితం మీదే వేసేవాళ్ళు, తీసి దాచుకోవడానికి వీలుగా. పత్రిక రాగానే అక్క వంటింట్లోంచి చెంచా తెచ్చేది. చెంచా కొసతో పిన్ను కాళ్ళు పైకి లేపి, నడిమి కాగితం చిరక్కుండా జారదీసి, మళ్ళీ పిన్ను కాళ్ళు లోపలికి మడిచి, చెంచా వీపుతో గట్టిగా నొక్కేది. "నాన్న చదువుకునేటప్పుడు వేలు గీసుకోకూడదు కదరా" అనేది. కథ అయిపోయేదాకా ఆ కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో బట్టల కింద ఉండేవి. అయిపోయాక బైండింగుకి ఇచ్చేవాళ్ళం. మేమే కాదు, మా వీధిలో పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా వారపత్రికలకి నడిమి కాగితం ఉండేది కాదు.

నా మొదటి బైండు పుస్తకం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మైలతుత్తం కలిపిన మైదా జిగురు వాసన, నీలం అట్ట, వెనక మా ఇంటిపేరు. ఆత్రంగా తెరిచాను. బైండింగు చేసినవాడు అంచులు సమానంగా ఉండాలని మిషను కింద పెట్టి మూడు వైపులా కోసి పారేశాడు! రాజుగారి మాట సగం, మంత్రి మాట సగం. రాక్షసుడికైతే నోరు తెరిచి ఉంది కానీ మాటే లేదు. "నీట్‌గా వచ్చింది బాబూ" అన్నాడు వాడు, కోసిన ముక్కల్ని కాలితో పక్కకి తోస్తూ. ఆ కాలు చూసి నాకు డోకొచ్చింది.

ఆ తర్వాత వచ్చింది నూతిలో పిల్ల కథ. తమ్ముడి మేకపిల్ల పాడుబడ్డ నూతిలో పడిపోతే, నడుముకి తాడు కట్టుకుని ఒక కుమ్మరి పిల్ల లోపలికి దిగుతుంది. అడుగున సొరంగం, సొరంగంలో నానా కష్టాలు. వారం వారం మేం ఊపిరి బిగబట్టి చదివేవాళ్ళం. అక్క చదివేది, నేను బొమ్మలు చూసేవాణ్ణి. చివరికి ఆ పిల్ల మేకపిల్లని భుజాన వేసుకుని నూతి అడుగుకి తిరిగొస్తుంది. తలెత్తి చూస్తే పైన గాజంత ఆకాశం. చుట్టూ అంతా నలుపు. పైకి లాగమని తాడు పట్టుకుని గుంజుతుంది. తాడు మొత్తం జారి మీద పడుతుంది. తెగిందా? ఎవరైనా కోశారా? ముగింపు వచ్చే వారం అన్నారు.

ఆ వచ్చే వారమే మా బాబాయి చుట్టపుచూపుగా ఊడిపడ్డాడు. మేం బడి నుంచి వచ్చేసరికి ఆయనా లేడు, వారపత్రికా లేదు. బస్సులో చదువుకోవడానికని పట్టుకుపోయాడట. మళ్ళీ వచ్చినప్పుడు అక్క అడిగితే పళ్ళికిలించి చెప్పాడు. "నడిమి కాయితం మీద పునుగులు పెట్టుకు తిన్నానే! చేతులు కూడా దాంతోనే తుడుచుకున్నా. బొమ్మలే కదా!" నాకు ఆ నూనె వేళ్ళు, ఆ పిల్ల మొహం కలిసి కనపడ్డాయి. ఛీ! అక్క ఆ రోజు అన్నం ముట్టలేదు. ఏజెంటు దగ్గరికి వెళ్తే మిగిలిన కాపీలు వెనక్కి పంపేశానన్నాడు. నూతిలో పిల్ల అలా నూతిలోనే ఉండిపోయింది.

మేం మాత్రం పెద్దవాళ్ళమైపోయాం. అక్క నర్సింగు చదివి దోహా వచ్చింది, కొన్నేళ్ళకి నన్నూ తీసుకొచ్చింది. వచ్చేటప్పుడు ఆ మొదటి బైండు పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. పైన అమ్మ ఆవకాయ సీసా పెట్టింది. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచేసరికి అట్ట మీద ఎర్రటి నూనె. మా బాబాయి ఆత్మ నన్ను ఇక్కడిదాకా వెంటాడుతోందేమో అనిపించింది, ఆయన అప్పటికింకా బతికే ఉన్నా సరే. తర్వాత బ్యాచిలర్ రూములో నా పక్క మంచంవాడు అదే పుస్తకం మీద వేడి వేడి పప్పు గిన్నె దించాడు. గుండ్రంగా మచ్చ పడింది. అరిస్తే, "ఏందన్నా, పోరగాళ్ళ బుక్కుకే గింత లొల్లి చేస్తున్నవ్?" అన్నాడు. వాడితో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

ఇక్కడి వేసవి సంగతి చెప్పనే అక్కర్లేదు. బయట ఉక్క, లోపల ఏసీ. తలుపు తీసిన ప్రతిసారీ కాగితం చెమటలు పడుతుంది. సెలవుకి ఊరెళ్ళొస్తే అరల్లో బూజు. మూతికి గుడ్డ కట్టుకుని తుడుస్తుంటే ముక్కులోకి ఎక్కే ఆ వాసనకి రెండు రోజులు అన్నం సయించదు. అయినా తుడుస్తాను. ఏం చేస్తాం, ఖర్మ.

వీళ్ళందరినీ ఎలాగో భరించాను కానీ, ఈమధ్య ఒక కొత్త జాతి తయారైంది. పుస్తకాన్ని రెండు ప్లాస్టిక్ పలకల మధ్య పెట్టి, మరలు బిగించి, సీలు వేసి గోడకి తగిలించే జాతి. చదవరు. తెరవరు. వాసన చూడరు. వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టి, "మింట్ కండిషన్ బ్రదర్" అని, అంటే అచ్చం కొత్తదిలా ఉందని, ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకుంటారు. పునుగులు తిన్న బాబాయి కనీసం దాన్ని తెరిచాడు!

ఆ గ్రూపులోనే ఒక రోజు ఫోటో వచ్చింది. మా వారపత్రిక. ముఖచిత్రం మీద మూలగా చిన్న అక్షరాలు: నూతిలో పిల్ల, ముగింపు. పెట్టినాయన మన బెజవాడ వైపు మనిషే, ఏదో కంపెనీలో పెద్ద పోస్టు, ఉండేది అల్ ఘర్రాఫాలో విల్లా. ఫోన్ చేస్తే, "రండి రండి, కలెక్షన్ చూద్దురుగాని" అన్నాడు.

అక్క అప్పుడు నా దగ్గరే ఉంది. గ్లకోమా ఆమె చూపుని అంచుల నుంచి తినుకుంటూ వచ్చింది. చుట్టూ చీకటి, నడుమ మాత్రం కాస్త వెలుగు మిగిలింది. ఆ కాస్తలో అక్షరాన్ని పెడితే మెల్లగా చదవగలదు. అదీ ఎంతో కాలం ఉండదని డాక్టరు చెప్పేశాడు. డ్యూటీ మాన్పించేశారు, వీసా క్యాన్సిలైంది, వచ్చే వారం ఊరికి టికెట్టు. ఫోటో సంగతి చెప్పగానే మొహం ఒక్కసారి చిన్నపిల్ల మొహమైపోయింది. "చదవగలన్రా. నాలుగు పేజీలేగా. ఇప్పుడైతే చదవగలను" అంది.

ఇక్కడ సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే; అక్కణ్ణుంచి తిన్నగా అటే వెళ్ళాం. విల్లాలో ఒక గది గదంతా మార్చురీలా చల్లగా ఉంది. గోడల నిండా సీలేసిన పుస్తకాలు, ఒక్కోదానికి ఒక్కో దీపం. మా బైండు పుస్తకం చూపిస్తే ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని, "మార్జిన్లు కోసేశారు, ఆయిల్ స్టెయిన్ ఉంది... దీనికి వాల్యూ మాఫీ, ఏమీ లేదు బ్రదర్" అని వెనక్కిచ్చేశాడు. పళ్ళు నూరుకున్నాను. అవసరం మనది.

"మీ దగ్గరున్న దాంట్లో ఆఖరి భాగం ఉందండీ. ఒక్కసారి తెరిస్తే మా అక్క ఇక్కడే, మీ కళ్ళ ముందే చదువుకుంటుంది" అన్నాను.

"చదవడానికా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇది చదివే ఐటమ్ కాదు బ్రదర్. హైదరాబాద్ డీలర్ దగ్గర సీలుతోనే కొన్నాను. నేనే తెరవలేదు. అయినా నాకు తెలుగు చదవడం కొంచెం స్లో లెండి."

అక్క ఆయన గొంతు వచ్చిన వైపు తిరిగింది. "నా కళ్ళు పోతున్నాయి బాబూ. వచ్చే వారం వెళ్ళిపోతున్నాను. చిన్నప్పటి నుంచీ ఉండిపోయింది ఇది. నాలుగే పేజీలు."

"అయ్యో, సారీ మేడమ్" అన్నాడాయన. ఒక్క క్షణం ఆగాడు. నాకు ఆశ పుట్టింది. "జ్యూస్ తీసుకుంటారా?" అన్నాడు.

వెళ్ళిపోదాం పద అన్నాను. అక్క కదల్లేదు. "పోనీ, ఊరికే ఒకసారి చేతికిస్తారా?" అంది. ఆయన ముందు గ్లవుజులిచ్చాడు, ప్లాస్టిక్ పలక మీద వేలిముద్రలు పడతాయట! అక్క జన్మంతా చేసిన పని కదా, టపటపా తొడిగేసుకుంది. పలకని మొహానికి దగ్గరగా పెట్టుకుని, తనకి మిగిలిన ఆ కాస్త వెలుగులోకి తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పింది. ముఖచిత్రం చూడలేదు. పక్కకి తిప్పి, పత్రిక వీపు దగ్గర చాలాసేపు ఆగింది.

"ఒరేయ్, ఈ పిన్ను చూడు" అంది మెల్లగా.

చూశాను. పిన్ను వీపుకి అంటుకుని లేదు. కాస్త పైకి లేచి వదులుగా ఉంది, పక్కనే పాత తుప్పు గీత. అలాంటి పిన్నులు మా ఇంట్లో ఎన్ని చూశానో!

"బాబూ, నడిమి కాయితం ఉందో లేదో చూసుకున్నారా కొనేటప్పుడు?" అంది అక్క.

ఆయన మొహంలో నెత్తురు లేదు. "ఉండకపోవడమేంటి? మింట్ అన్నాడు కదా వాడు" అంటూ పలక లాక్కున్నాడు. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. తర్వాత పరుగున వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. చూపు పోతున్న ఆడమనిషి బతిమాలితే ఊడని మరలు, డబ్బు పోయిందేమోనన్న అనుమానం రాగానే చకచకా ఊడిపోయాయి. సీలు చించేశాడు. గ్లవుజులు లేవు, ఏమీ లేవు. కంగారులో వేలు నాలిక మీద తడి చేసుకుని మరీ పేజీలు తిప్పాడు. అంత అసహ్యం నాకు జన్మలో ఎవరి మీదా కలగలేదు.

నడుమ ఒక పక్క స్వెటరు అల్లిక, ఇంకో పక్క తలనూనె ప్రకటన. మధ్యలో నాలుగు పేజీల అంకెలు లేవు. నూతిలో పిల్ల లేదు.

"చించేశారండీ! ఎవరో వెధవలు చించేశారు! ఆ డీలర్ గాడు నన్ను నిలువునా ముంచేశాడు!" ఆయన ఫోను తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళి అరవడం మొదలుపెట్టాడు. పత్రిక బల్ల మీద తెరిచే ఉంది. ఇక దాంతో ఆయనకి పని లేదు.

అక్కని చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. తను గ్లవుజులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. పత్రికని దగ్గరికి జరుపుకుని, నడుమ మడత మీద బొటనవేలు ఉంచి పైనుంచి కిందికి మెల్లగా రాసింది. పిన్ను దగ్గర ఆగింది. మళ్ళీ రాసింది.

"గీసుకోవట్లేదురా" అంది.

"ఏంటక్కా?"

"చెంచాతో నొక్కారు. చూడు, కాళ్ళు ఎంత చక్కగా మడిచారో. వాళ్ళ నాన్నకి గుచ్చుకోకుండా."

నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. నున్నగా ఉంది. జన్మంతా కాగితాలు పాడుచేసిన వాళ్ళని తిట్టుకుంటూ బతికినవాణ్ణి, ఆ కాగితం తీసుకుపోయినవాళ్ళని తిడదామంటే నాకు ఒక్క మాట రాలేదు. ఆయన తిరిగొచ్చి, "చూశారా మేడమ్, ఎలా చించేశారో!" అన్నాడు. "చించలేదు బాబూ, చదువుకున్నారు" అంది అక్క, లేచి నా భుజం పట్టుకుంటూ.

బయట ఎండ మండిపోతోంది. కారెక్కాక సీటు బెల్టు తడుముకుని తనే పెట్టుకుంది. బైండు పుస్తకం ఒళ్ళో ఉంది, ఆవకాయ మచ్చ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. సిగ్నల్ దగ్గర ఆగితే అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడవకురా" అంది, ఎలా తెలిసిందో ఏమో. "ఎవరికో ఒకళ్ళకి తెలుసు కదా, ఆ పిల్ల పైకెలా వచ్చిందో."