థర్మామీటర్ వదిన

బండ్ల పొగ పరీక్ష చేసే షెడ్డులో ఆవిడ దేన్నయినా ముందు అరచేతి వెనక భాగంతో తాకి చూస్తుంది: టీ గ్లాసు, కుర్చీ, జ్వరమన్న తోటి ఉద్యోగి నుదురు. అందుకే అందరూ థర్మామీటరంటారు. పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్ వేడిని బట్టి మాట మారుస్తుందనీ, ఆ తేడాను మీటరు సరిచేస్తుందనీ వచ్చినవాళ్ళందరికీ ఓపిగ్గా చెబుతుంది. నిన్న చెల్లెలి మొగుడి టాక్సీ ఫెయిలైంది. పాసవకపోతే బండి రోడ్డెక్కకూడదు.

"ఇంటి మనిషిని వదినా, కాస్త చూసీ చూడనట్టు..." అని అతను అక్కడే బతిమాలాడు.

"పొగకి చుట్టరికాలేంటయ్యా?" అంటూనే ఆవిడ ఆగింది. పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. మీటరేమో అందులో పెట్టిన సెన్సార్ చల్లగా ఉందంటోంది. వంగి చూస్తే, వేడిని కొలిచే తీగ సెన్సార్ నుంచి ఊడిపోయి, ఉక్కపోస్తోందని తాను పెట్టుకున్న ఫ్యాను గాలికి ఊగుతోంది. లేని చలికి మీటరు లెక్క మార్చేస్తోంది! తీగ బిగించి మళ్ళీ కొలిస్తే టాక్సీ పాసయింది.

"నే చెప్పలా!" అని అతను గంతేశాడు.

"సంబరం తర్వాత, ముందు బండి తియ్యి," అంటూ ఆవిడ పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. "ఇందాక ఫెయిలై నన్ను తిట్టుకుంటూ పోయిన వ్యాన్ ఆయన ఇంకా మెకానిక్ దగ్గరికి చేరి ఉండడు."