నేను పరీక్షించని లీటరు నీళ్లు

లీటరు నీళ్లు కిలో బరువుంటాయి. ఏడో తరగతిలో నేర్చుకున్నాను. ఆ లెక్క అన్నిసార్లూ సరిపోదని ఈ ఆరేళ్లలో తెలిసింది. ఒక లీటరు సీసాను నేను ఆరేళ్లుగా మోస్తున్నాను. ఆ సీసా ఇప్పుడు లేదు, అందులోని నీళ్లు ఏ మోరీలో కలిశాయో కూడా తెలియదు, అయినా దించుకోలేకపోయాను.

ఈ సంగతి ముందుగా చెప్పాల్సినవాళ్లకు చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీ ముందు తడబడినా పరవాలేదనిపిస్తోంది. నా పేరు రాయడం లేదు. తెలియాల్సినవాళ్లకు తెలుసు.

మాది మర్రిగూడ దగ్గర ఒక ఊరు. మగ్గం ఇల్లు. నాయిన ఇంకా నేస్తాడు. మా వీధి చివర ఒక బోరింగు ఉండేది, దానికి ఎర్ర రంగు వేసి ఉండేది. ఎరుపంటే ఆ నీళ్లు తాగొద్దని. బట్టలుతకొచ్చు, బర్రెలను కడగొచ్చు, నోట్లో పోసుకోవద్దు. మా దిక్కు పిల్లలకు అక్షరాలకన్నా ముందు ఆ రంగు చదవడం వస్తుంది. భూమిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు పళ్లమీద గీతలు పడతాయి, ఆ తర్వాత మోకాళ్లు బిగుసుకుంటాయి, చివరికి నడుము వంగిపోతుంది. డిప్లొమా అయ్యాక షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో నీటి పరీక్షల గదిలో ఉద్యోగానికి వెళ్తే, ఈ పనే ఎందుకు కావాలని అడిగారు. మా వీధి బోరింగు గురించి చెప్పాను. నిజమే చెప్పాను. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఆ నిజమే ఎక్కువగా గుచ్చుకుంటుంది.

మా ఇంటి ఎదురుగా మరియమ్మ అవ్వ ఉంటుంది. ఆమె నడుము ఎంత వంగిందంటే, ఎదుటి మనిషి ముఖం చూడాలంటే తల పక్కకు తిప్పి పైకి చూడాలి. ఆమె మనవరాలు సునీతక్క నర్సు. టాంజానియాలో ఒక మిషన్ దవాఖానలో పనిచేస్తుంది. వారానికొకసారి వాళ్లు మందులు తీసుకుని ఒక పల్లెకు వెళ్తారు. అక్కడివాళ్లు పశువులు దిగే వాగులోనే నీళ్లు ముంచుకునేవాళ్లు. పిల్లలకు విరేచనాలు. ఈ సంగతులన్నీ అక్క ఫోన్లో అవ్వకు చెప్పేది.

మా ఊరికి నది నీళ్లు వచ్చి, ఇంటింటికీ నల్లా పెట్టిన తర్వాతి ఆదివారం, అవ్వ చర్చిలో లేచి నిలబడిందట. మనకైతే నల్లా వచ్చింది, గా ఊరికి మనం ఒక బోరింగు ఇద్దాం అన్నదట. పది, పన్నెండు వరుసల చిన్న చర్చి అది. కూలి పనికి పోయేవాళ్లే ఎక్కువ. అయినా ఎవరూ నవ్వలేదట.

పిడికెడు బియ్యం అనే పద్ధతి వాళ్లలో ముందునుంచీ ఉంది. అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోసే ముందు, ఆ బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెస్తారు. కుప్ప పోసి అమ్ముతారు. రెండేళ్లపాటు ఆ పిడికెళ్లన్నీ ఆ పల్లెకే అని రాసిపెట్టారు. మేం చర్చికి పోయేవాళ్లం కాదు. కానీ మా అమ్మ కూడా ఒక డబ్బా పెట్టింది. నీళ్లకు కులమేంది, మతమేంది అన్నది. రెండేళ్లు మా ఇంట్లో కూడా పూటకొక పిడికెడు అన్నం తక్కువ వండారు.

సునీతక్క ఒక షరతు పెట్టింది. అక్కడి బడి ఆవరణలో పరీక్షగా ఒక బోరు వేశారు. ఆ నీళ్లు మంచివని తేలాకే పైపులు దింపాలి, బోరింగు బిగించాలి. అవ్వ నడుమును చూస్తూ పెరిగిన మనిషి వేరేలా ఎలా ఆలోచిస్తుంది? సెలవుమీద వచ్చినప్పుడు ఒక లీటరు సీసాలో ఆ నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. అంకె చూసి కాగితంమీద రాసివ్వమంది. కోతల పండుగ రోజు పాస్టరు గారు చర్చిలో చదువుతారని చెప్పింది.

ఆ పరీక్షకు పావుగంట పడుతుంది. నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. పావుగంట పనికి అడ్డమేమొచ్చింది?

కారణాలు వరుసగా రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజుల్లో ఒక కాగితంమీద రాసుకున్నాను కూడా. ఒకటి, బయటి నీళ్లను మా గదిలో పరీక్షించాలంటే సూపర్వైజరును అడగాలి. రెండు, నేను చేరి మూడు నెలలే అయింది. మూడు, ఆ వారమంతా పని ఎక్కువగా ఉంది. నాలుగో కారణం రాయబోయి ఆగిపోయాను. ఏమీ దొరకలేదు. ఇవాళ అడిగితే బాగుండదు, రేపు అడుగుదాం అనుకుంటూ మూడు వారాలు గడిపాను. సీసా మా కిరాయి గది కిటికీలో ఉండేది. పండుగ ఆదివారం. గురువారం సాయంత్రం గదికొచ్చి చూస్తే సీసా తళతళలాడుతోంది. నాతో ఉండే స్నేహితుడు గది శుభ్రం చేస్తూ, పాత నీళ్లని పారబోసి, సీసా కడిగి, తాగే నీళ్లు నింపి మళ్లీ అక్కడే పెట్టాడు. మంచి పని చేశాననే అనుకున్నాడు.

అప్పటికి సునీతక్క వెళ్లిపోయింది. ఫోన్ చేసి, సీసా పోయింది, ఇంకొకటి పంపమని చెప్పొచ్చు. రెండు, మూడు నెలలు ఆలస్యమయ్యేది, అంతే. కానీ పాస్టరు గారు అప్పటికే నా పేరు అందరికీ చెప్పారు. మగ్గాలోళ్ల పిలగాడు, నీళ్ల ఇంజనీరు, మన కోసం పరీక్ష చేస్తున్నాడని. నేను ఇంజనీరును కాను. ఆ మాట నాకు ఎంత నచ్చిందో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది.

శుక్రవారం కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పట్టిక చేశాను. నీళ్ల ఆమ్లత, లవణాలు, కాఠిన్యం, ఇనుము, అన్నీ. ఫ్లోరైడ్ దగ్గర ఆగాను. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఒకటి అని రాస్తే మరీ గుండ్రంగా ఉంటుంది. 0.8 అన్నా ఉజ్జాయింపులా ఉంటుంది. 0.82 అని కొట్టాను. ఇది చదువుతున్న మీకు ఒక్క సంగతి అర్థం కావాలి. భయపడి అబద్ధమాడటం వేరు. నేను అబద్ధానికి దశాంశాలు అమర్చాను. నేర్చుకున్న విద్యనంతా దాన్ని నమ్మించడానికే వాడాను.

కోతల పండుగ రోజు చర్చి ముందు గుమ్మడికాయలు, కోళ్లు, కొత్త కందులు వేలం వేస్తున్నారు. లోపల పాస్టరు గారు నా కాగితం చదివారు. చప్పట్లు కొట్టారు. బయటికి వస్తుంటే మరియమ్మ అవ్వ నా చొక్కా పట్టుకుని ఆపింది.

"ఏం బిడ్డా, మా బాయికాడ లాగు తడుపుకునేటోనివి, నీళ్లకు డాక్టరువైనవా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"మంచియేనా మరి, గా నీళ్లు?"

"మంచియే అవ్వా."

"జర గట్టిగ జెప్పు. గా ఊరి పోరగాండ్లు నా లెక్క వంగొద్దు."

"ఏం ఫికర్ లేదవ్వా. నేనే చూసిన."

తల పక్కకు తిప్పి నా ముఖంలోకి చూసింది. ఆ చూపుకోసం ఆమె మెడ ఎంత కష్టపడాలో నాకు తెలుసు. ఆ చూపులో అనుమానం లేదు. ఉంటే బాగుండేది.

బోరింగు బిగించారు. తాగొచ్చని నీలం రంగు వేశారు. దాని చుట్టూ పిల్లలు నిలబడి నవ్వుతున్న ఫోటో వస్తే ఫ్రేము కట్టించి చర్చి గుమ్మం పక్కన పెట్టారు. నేను ఊరికి వెళ్లినప్పుడల్లా చర్చి ముందునుంచి కాకుండా వెనక సందునుంచి ఇంటికి పోయేవాణ్ని. అమ్మ ఎందుకురా అంటే దగ్గర దారి అనేవాణ్ని. అది దూరం. ఏమో, ఆ నీళ్లు నిజంగానే మంచివేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. మంచివే అయితే నేను చేసింది తప్పు కాకుండా పోతుందా? అడిగినంత కాలం జవాబు ఒకటే వచ్చేది, పోదని. అందుకే అడగడం మానేశాను.

పోయిన ఎండాకాలం సునీతక్క నాకొక ఫోటో పంపింది. ఆ పల్లె బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నారు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చిన వయసు. కొందరి పళ్లమీద సుద్దతో గీసినట్టు తెల్లటి గీతలు. కింద అక్క రాసింది: నువ్వు చూసిన నీళ్లు 0.82 కదా తమ్మీ, మరి ఇది దేనివల్ల అయ్యుంటుంది? చాయ్ వల్లనా? పేస్టు వల్లనా?

ఆమె ఇంకా నా అంకెనే నమ్ముతోంది. కళ్లముందు పళ్లున్నా, నా కాగితాన్ని కాక చాయ్‌ని అనుమానిస్తోంది.

ఫోన్ చేశాను. ముందు, తాగడానికి ఆ నీళ్లు ఆపమని చెప్పాను. తర్వాత కారణం చెప్పాను. అక్క అన్నది, బోరు పడ్డాక విరేచనాలు తగ్గినయి, అది కూడా నిజమే. కానీ నువ్వు జెప్పి ఉంటే తాగే నీళ్లు వేరే జూసుకునేటోళ్లం. అంతే అన్నది. తమ్మీ అనలేదు.

ఆ శనివారం ఊరికి వెళ్లి మరియమ్మ అవ్వ దగ్గర కూర్చున్నాను. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"పండుగ నాడు నేనడిగినప్పుడు ఎరికేనా నీకు?"

"ఎరికే అవ్వా."

మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. చేట అంతా అయ్యాక అన్నది.

"మాఫ్ జేసుడు నాతోని గాదు బిడ్డా. నేను తాగలే గా నీళ్లు. తాగినోళ్లనడుగు." తర్వాత చెయ్యి చాపింది, లేపమని. లేపాను. "ఇగ ఏడిస్తే ఏమొస్తది? ఇప్పుడేం జెయ్యాల్నో జెప్పు."

అది మాత్రం నాకు తెలుసు. ఫోన్లో అక్కకు చెప్పి ఉంచాను. అక్కడ ఏడాదికి రెండు వానకాలాలున్నాయి. బడికి పెద్ద రేకుల కప్పు ఉంది. ఆ కప్పుమీది వాననీళ్లు పట్టుకునే ట్యాంకు కడితే పిల్లలకు తాగడానికి సరిపోతాయి. గీతలు పడ్డ పళ్లు మళ్లీ మామూలుగా కావు. కానీ ఇప్పుడు ఆపితే ఎముకల దాకా పోకుండా ఆపొచ్చు. ఇదంతా చెబుతుంటే అవ్వ గూట్లోంచి పాత డబ్బా దించి, దుమ్ము దులిపి, ఏరిన బియ్యంలోంచి ఒక పిడికెడు అందులో వేసింది.

మర్నాడు చర్చిలో నిలబడి చెప్పాను. చప్పట్లు కొట్టిన చోటే. ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు. నాతో వచ్చిన అమ్మ వెనక వరుసలో కూర్చుని తల వంచుకుంది. ఇంటికొచ్చాక నాకు అన్నం పెట్టింది. సాయంత్రం చూస్తే మా వంటింట్లో కూడా డబ్బా పొయ్యి పక్కకు వచ్చింది.

నెలన్నరకు ఇంకో సీసా వచ్చింది. తీసుకెళ్లి సూపర్వైజరును అడిగాను. "దీనికి అడుగుడేంది, చేసుకో," అని ఆయన చూస్తున్న కాగితంలోంచి తలెత్తకుండానే అన్నాడు. ఆరేళ్ల కింద, అడిగితే ఏమంటాడోనని నేను భయపడ్డ మాట ఇదే. పావుగంట పట్టింది. మూడుసార్లు కొలిచాను. 2.74. నేను రాసిందానికి మూడింతలు దాటింది. కాగితంమీద ఆ అంకె రాస్తుంటే ఊపిరి తేలికగా వచ్చింది. చెడ్డ అంకె. కానీ అది నీళ్లు చెప్పిన అంకె, నేను చెప్పింది కాదు. చెడ్డదని తెలిసిన నీళ్లతో ఏం చేయాలో మా దిక్కువాళ్లకు బాగా తెలుసు.

ఆ బడి హెడ్మాస్టరు జుమా గారికి నేనే ఉత్తరం రాశాను, పిల్లల తల్లిదండ్రులకు చదివి వినిపించమని. ఇంకా జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు. కానీ పోయిన వారం సునీతక్క ఒక చిన్న వీడియో పంపింది. బడి కప్పు అంచుకు గొట్టాలు బిగించారు, కింద ట్యాంకు గోడ నడుము ఎత్తు లేచింది. పక్కనే బోరింగుకు ఇద్దరు ఆడపిల్లలు రంగు వేస్తున్నారు. ఒకమ్మాయి నవ్వుతూ కెమెరా వైపు కుంచె ఊపింది. పై పళ్లమీద రెండు తెల్లటి గీతలు.

అవ్వకు చూపించాను. ఫోను దగ్గరికి తీసుకుని, తల పక్కకు తిప్పి చాలాసేపు చూసింది.

"ఎర్రగనే ఏస్తున్నరు," అన్నది.

ఆ సాయంత్రం బస్టాండుకు పోతూ చర్చి ముందునుంచే నడిచాను.