ఆమె నాటకమాడలేదు

నా మొదటి భార్య లేని కడుపు ఉందని చెప్పి మోసం చేసిందని మా వాళ్లు ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు.

అప్పట్లో మా ఇంట్లో ముట్టయిన ఆడవాళ్లు మూడు రోజులు బయట వసారాలో కూర్చునేవారు. ఆమె నాలుగు నెలలు బయట కూర్చోకపోయేసరికి, ఆమెను అడగకుండానే అమ్మ వాడంతా చక్కెర పంచింది. తర్వాత ఒకనాడు నా భార్య వసారాలో కనబడింది.

ఆ వారంలోనే డోర్నకల్ నుంచి వరంగల్‌కు ప్యాసింజరు బండిలో వస్తున్నాం. ఆమె ఏడుస్తుంటే ఎదురుగా కూర్చున్న పెద్దామె సంగతి అడిగి తెలుసుకుంది.

"నాకూ గట్లనే ఉండె బిడ్డా. గర్భసంచి పక్క నీటి బుడ్డలన్నది డాక్టరమ్మ. గోళీలిచ్చింది, బువ్వ తగ్గించి రోజూ నడువుమన్నది. మెల్లగ నెలనెలా రావట్టింది." నా వైపు తిరిగి, "జర దవాఖానకు తోల్కపో కొడుకా. ఇది రోగం, ఆమె తప్పు గాదు" అంది.

"మా ఇంటి ముచ్చట నీకెందుకమ్మా?" అన్నాను.

పెద్దామె నా భార్య చెయ్యి పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు.

స్టేషన్ బయట నా భార్య అడిగింది: "పోదామా దవాఖానకు?"

విననట్టే రిక్షా పిలిచాను.

ఆ ఎండాకాలం ఆమెను పుట్టింటికి పంపేశారు. వచ్చినవాళ్లందరికీ అమ్మ ఆమె నాటకం గురించి చెప్తుంటే, అది రోగమని విన్న నేను పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.